టీఎల్ఎస్ ఎన్నో పొర అని అడిగే ముందు తేల్చుకోవలసిన సంగతి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. నెట్‌వర్క్‌కు ఏడు పొరలుంటాయని మీరు చదువుకున్నారు. తీరా నెట్‌వర్క్ మీద వెళ్లే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచి ఒక వెబ్ పేజీ రాకపోకలను పట్టి చూస్తే ఫ్రేమ్, ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ, టీఎల్ఎస్ అని అయిదు వరుసలే కనిపించాయి. (ఈథర్‌నెట్ స్థానిక తీగ మీద ఫ్రేములను చేర్చేది, ఐపీ చిరునామా చూసి ప్యాకెట్లను దూరాలకు పంపేది, టీసీపీ బైట్లను వరుస తప్పకుండా చేర్చేది, టీఎల్ఎస్ వాటిని గుప్తీకరించేది.) మిగిలిన పొరలు ఏమయ్యాయి, టీఎల్ఎస్‌ను ఎన్నో పొరగా లెక్కించాలి, పై పొరలో ఏముందో కింది పొరకు తెలుస్తుందా, ఈ విభజన పనిలో అక్కరకు వస్తుందా లేక ఇంటర్వ్యూల కోసమేనా అన్నవి మీ సందేహాలు. ఇరవై ఏళ్లకు పైగా నెట్‌వర్క్‌లు కట్టడం, అంతకంటే ఎక్కువగా చెడిపోయిన వాటిని బాగుచేయడం నా వృత్తి కాబట్టి, ఆ అనుభవం నుంచి జవాబు చెబుతాను.

పొరల మధ్య ఉన్నది హామీల సంబంధం. ప్రతి పొరా తన పై పొరకు ఒక సేవను హామీ ఇస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి తన కింది పొర ఇచ్చిన హామీని వాడుకుంటుంది. కింది పొర ఆ పనిని ఎలా చేసిందని పై పొర అడగదు. పై పొర అప్పగించిన బైట్లలో ఏముందని కింది పొర చూడదు. ఇది నిలువు సంబంధం. అడ్డంగా మరొక సంబంధం ఉంది. ఒక యంత్రంలోని టీసీపీ హెడర్ (సమాచారం ముందు అతికించే వివరాల బైట్లు) రాసేది అవతలి యంత్రంలోని టీసీపీ చదవడం కోసమే. ప్రోటోకాల్ అన్న మాట నిజానికి వర్తించేది ఈ అడ్డ సంబంధానికి. ఈ రెండింటినీ విడివిడిగా చూడడం అలవాటైతే అంకెల గొడవ చాలావరకు తగ్గిపోతుంది. టీఎల్ఎస్ టీసీపీ మీద నడుస్తుంది, వెబ్ పేజీలను అడిగి తెచ్చే హెచ్‌టీటీపీ టీఎల్ఎస్ మీద నడుస్తుంది. అది అయిదో పొరా, ఆరో పొరా అన్నదానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు, లేనందువల్ల ఎవరి పనీ ఆగలేదు.

ఏడు పొరల సంగతి ముందు ముగించేద్దాం. ఏడు పొరల ఓఎస్ఐ నమూనాను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రచురించింది. అప్పటికే ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారిపోయి ఉంది. ఇంటర్నెట్ వాడుతున్న పొరలను 1989 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1122 అనే ప్రమాణ పత్రం నాలుగుగా చెబుతుంది: లింక్, ఇంటర్నెట్, ట్రాన్స్‌పోర్ట్, అప్లికేషన్. అంటే ఏడు పొరలను కట్టి, తర్వాత వాటిలో కొన్నింటిని పడగొట్టారని కాదు. ఇంటర్నెట్ ఆ కొలతలతో కట్టిన ఇల్లే కాదు. ఓఎస్ఐలో అయిదు, ఆరు అంకెలున్న సెషన్, ప్రెజెంటేషన్ పొరలు చేయవలసిన పనులు మాత్రం ఎక్కడికీ పోలేదు. లాగిన్ నిలిచి ఉండడం, అక్షరాలను ఏ సంకేత పద్ధతిలో పంపాలో నిర్ణయించడం, గుప్తీకరించడం వంటివాటిని అప్లికేషన్లు, వాటి లైబ్రరీలు తమలోనే కలుపుకున్నాయి. ఏడు అంకెల్లో రోజువారీ మాటల్లో మిగిలినవి లేయర్ 2 (ఈథర్‌నెట్ వంటివి), లేయర్ 3 (ఐపీ), లేయర్ 4 (టీసీపీ వంటివి), లేయర్ 7 (అప్లికేషన్). మా పనిలో లేయర్ 5 అన్న మాట వినబడిన సందర్భాలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక మీరు పట్టిన ప్యాకెట్ దగ్గరకే వెళదాం. వైర్‌షార్క్‌లో మొదటి వరుసగా కనిపించే ఫ్రేమ్ అన్నది ప్రోటోకాల్ కాదు. ఎప్పుడు పట్టుబడింది, పొడవెంత అని ఆ పరికరం తనకోసం రాసుకున్న వివరం. అసలు బైట్లు దాని కిందినుంచి మొదలవుతాయి. మొదటి 6 బైట్లు చేరవలసిన మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు చిరునామా), తర్వాతి 6 బైట్లు పంపినవారి మ్యాక్ చిరునామా, ఆపైన 2 బైట్లు. హెక్సా అంకెల్లో (పదహారు ఆధారంగా రాసే పద్ధతిలో) ఆ రెండు బైట్లు 08 00 అని ఉంటే లోపల ఉన్నది ఐపీ నాలుగో వెర్షన్, 08 06 అయితే ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకు మ్యాక్ చిరునామాను వెతికేది). ఈథర్‌నెట్‌కు తెలిసింది అంతవరకే. ఐపీ అంటే ఏమిటో దానికి తెలియదు. వచ్చిన ఫ్రేమును ఎవరి చేతిలో పెట్టాలో చెప్పే ఒక అంకె మాత్రమే దాని దగ్గర ఉంది.

పదిహేనో బైటు సాధారణంగా 45 అని ఉంటుంది. అందులో 4 అన్నది వెర్షన్, 5 అన్నది హెడర్ పొడవు. నాలుగేసి బైట్ల లెక్కన అది 20 బైట్లు. ఐపీ హెడర్ మొదటినుంచి పదో బైటు చూడండి. అక్కడ 06 ఉంటే లోపల టీసీపీ, హెక్సాలో 11 ఉంటే, అంటే మన లెక్కలో 17 అయితే, యూడీపీ (చేరిందో లేదో చూడని తేలిక రవాణా), 01 అయితే ఐసీఎంపీ (పింగ్‌ను, దారిలోని లోపాల కబుర్లను మోసేది). ఐపీ హెడర్ ముగిశాక టీసీపీ మొదలై, దాని మొదటి నాలుగు బైట్లలో రెండు పోర్టులు (యంత్రంలోని ఏ ప్రోగ్రాముకో చెప్పే అంకెలు) ఉంటాయి. రెండో జత 01 బీబీ అని ఉంటే అది 443. టీసీపీ హెడర్ కూడా దాటాక 17 03 03 అని కనిపించిందంటే అది టీఎల్ఎస్ రికార్డు. ఆ 17 లోపల అప్లికేషన్ సమాచారం ఉందని చెబుతుంది. తమాషా ఏమిటంటే, తర్వాత వచ్చే 03 03 టీఎల్ఎస్ 1.2కు చెందిన గుర్తు, అయినా 1.3 కూడా అదే రాస్తుంది. దారిలో ఉన్న పాత పరికరాలు కొత్త అంకెను చూసి కనెక్షన్లను తెంచేస్తున్నందువల్ల పాత వేషాన్నే ఉంచేశారు. కింది పొర పై పొరలోకి తొంగి చూడదన్న నియమాన్ని ఆ పరికరాలు పాటించి ఉంటే ఈ వేషం అవసరం అయ్యేదే కాదు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. ఈథర్‌నెట్ టైపు, ఐపీలోని ప్రోటోకాల్ అంకె ఖచ్చితమైన సూచనలు. 06 అంటే టీసీపీ తప్ప మరొకటి కాదు. పోర్టు అలాంటిది కాదు. 443 మీద టీఎల్ఎస్ ఉండడం ఆనవాయితీ మాత్రమే. ఒకచోట అంతర్గత సేవ ఒకదాన్ని 443 మీద, టీఎల్ఎస్ లేకుండా, తమ సొంత పద్ధతిలో నడిపారు. మధ్యలోని ఫైర్‌వాల్ మొదటి కొన్ని బైట్లు చూసి, ఇది టీఎల్ఎస్ కాదని తేల్చుకుని కనెక్షన్‌ను తెంచేసేది. పోర్టు తెరిచే ఉందని, టెల్‌నెట్‌తో పరీక్షిస్తే కలుస్తోందని ఫైర్‌వాల్ బాధ్యులు అన్నారు. కనెక్షన్ నిలవడం లేదని అప్లికేషన్ రాసినవారు అన్నారు. ఒక రోజంతా సాగిన ఆ వాదనలో రెండు పక్షాలూ నిజమే చెప్పాయి. ఒకరు లేయర్ 4 గురించి మాట్లాడుతున్నారు, మరొకరు లేయర్ 7 గురించి.

పొరలను వివరించడానికి కవరులో కవరు పెట్టే పోలికను చాలామంది వాడతారు. అది సగం దూరమే నడుస్తుంది. ఆ పోలికలో కవర్లన్నీ ఒకే చోట బయలుదేరి ఒకే చోట విప్పబడతాయి. నెట్‌వర్క్‌లో ఒక్కొక్క పొర సంభాషణ ఒక్కొక్క దూరం వరకే సాగుతుంది. ఈథర్‌నెట్ హెడర్ ఆయుష్షు ఒక రూటర్ నుంచి తర్వాతి రూటర్ వరకే. రూటర్ దాన్ని తీసి పారేసి, తర్వాతి మజిలీకి కొత్తది తొడుగుతుంది. ఐపీ హెడర్ చివరిదాకా వెళుతుంది, కాకపోతే రూటర్ దాటిన ప్రతిసారీ టీటీఎల్ (ఇంకా ఎన్ని రూటర్లు దాటవచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గుతుంది, ఆ మార్పుకు తగ్గట్టు హెడర్ చెక్‌సమ్ (బైట్లు చెడ్డాయేమో పట్టే లెక్క) కూడా మారుతుంది. టీసీపీని రెండు చివరల యంత్రాలే చూడాలి. హెచ్‌టీటీపీ ఇంకా దూరం వెళ్లవచ్చు. వీలైతే ఒకే ప్యాకెట్‌ను, ఐపీ చిరునామాలు మార్చని రూటర్‌కు ఇటు ఒకసారి, అటు ఒకసారి పట్టి పక్కపక్కన పెట్టి చూడండి. రెండు మ్యాక్ చిరునామాలూ మారిపోయి, ఐపీ చిరునామాలు అలాగే ఉండి, టీటీఎల్ 64 కాస్తా 63 కావడాన్ని మీ కళ్లతో చూస్తారు. పుస్తకంలో పది పేజీలు చదివితే రాని స్పష్టత ఆ ఒక్క చూపుతో వస్తుంది.

దూరాల్లోని ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కులు చాలా సాధారణం. ఒక జట్టు తమ వెబ్ సేవకు మితిమీరి అభ్యర్థనలు పంపే ఐపీ చిరునామాలను తాత్కాలికంగా నిరోధించే ఏర్పాటు చేసుకుంది. దాన్ని అమలుచేసిన కొద్ది నిమిషాల్లోనే వాడుకరులు అందరూ ఒకేసారి బయట పడిపోయారు. సర్వర్ ముందు, వచ్చే అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్ ఉంది. వాడుకరి టీసీపీ కనెక్షన్ అక్కడే ముగిసి, అక్కడినుంచి సర్వర్‌కు మరొక కొత్త కనెక్షన్ మొదలవుతోంది. కాబట్టి సర్వర్‌కు కనిపించే ఐపీ చిరునామా ఎప్పుడూ లోడ్ బ్యాలన్సర్‌దే. మితిమీరిన మనిషిగా అది దొరికిపోయింది. హెచ్‌టీటీపీ సంభాషణ మాత్రం లోడ్ బ్యాలన్సర్‌ను దాటి లోపలికి వెళుతోంది కాబట్టి, అసలు చిరునామాను ఆ పొరలోని ఒక హెడర్‌లో పెట్టి పంపడమే దారి అయింది. టీఎల్ఎస్ విషయంలోనూ అంతే. బ్రౌజరులో తాళం గుర్తు కనిపించినంత మాత్రాన సర్వర్ దాకా గుప్తీకరణ ఉందనుకోకూడదు. అది టీఎల్ఎస్ ఎక్కడ ముగిసిందో అక్కడిదాకే.

ఇప్పుడు హామీల లోతుకు వెళదాం. నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, ఎందుకంటే ఒక పొర ఏమి హామీ ఇస్తుందో చెప్పగలిగేవారు చాలామంది ఉంటారు గానీ, ఏమి హామీ ఇవ్వదో చెప్పగలిగేవారు తక్కువ.

ఈథర్‌నెట్ ప్రతి ఫ్రేము చివర, దారిలో బైట్లు చెడ్డాయేమో పట్టే 4 బైట్ల సీఆర్‌సీ పెడుతుంది. అది సరిపోలకపోతే అందుకున్న పరికరం ఫ్రేమును చప్పుడు చేయకుండా పారేస్తుంది. పంపినవారికి కబురు ఉండదు. వైఫై అలా కాదు, ఒక యంత్రానికి ఉద్దేశించిన ప్రతి ఫ్రేముకూ సాధారణంగా రసీదు కోరుతుంది, రాకపోతే మళ్లీ పంపుతుంది. రెండూ ఒకే స్థానంలో ఉన్న పొరలు, రెండింటి మీదా ఒకే ఐపీ నడుస్తుంది. ఐపీ ఇచ్చే హామీ ఎంత తక్కువంటే, అది దాదాపు లేనట్టే: ప్యాకెట్ చేరవచ్చు, చేరకపోవచ్చు, రెండుసార్లు చేరవచ్చు, వెనకది ముందు రావచ్చు. ఇంత తక్కువ అడుగుతుంది కాబట్టే అది ఏ రకమైన తీగ మీదైనా, తీగ లేకపోయినా నడవగలిగింది. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ప్రతిపాదించినప్పుడు టీసీపీ ఒకే ముద్ద. 1978 ప్రాంతంలో దాన్ని టీసీపీ, ఐపీ అని రెండుగా విడదీశారు. ఆలస్యంగా వచ్చే నమ్మకమైన సమాచారం కంటే, కొంత పోయినా వేళకు అందేదే ముఖ్యమైన మాటల ప్రసారం వంటి పనులు ఉన్నాయన్నది ఆ విభజనకు ఒక పెద్ద కారణం. అందరికీ ఒకే హామీని అంటగట్టకుండా, కనీసపు హామీని కింద ఉంచి, కావలసినవారు దాని మీద కట్టుకునేలా చేశారు. యూడీపీ ఆ కనీసపు హామీని దాదాపు ఉన్నదున్నట్టు పైకి అందించేది.

టీసీపీ ఇచ్చే హామీ గట్టిదే: పంపిన బైట్లు అదే వరుసలో, ఖాళీలు లేకుండా, కనెక్షన్ బతికి ఉన్నంతవరకు చేరతాయి. కానీ బైట్లు అన్న మాటను గమనించండి. సందేశాలు అనలేదు. ఒక పరికరంలోంచి కొలతలను ఒక్కొక్కటిగా పంపే ప్రోగ్రామును ఒక యువ సహోద్యోగి రాశాడు. ఒకే యంత్రంలో పరీక్షించినప్పుడు ఒకసారి పంపినదానికి అటువైపు ఒకసారి చదివితే సరిగ్గా ఒక కొలత వచ్చింది. అసలు నెట్‌వర్క్ మీదికి వెళ్లాక రెండు కొలతలు అతుక్కుని రావడం, మూడోది సగంలో తెగి రావడం మొదలైంది. టీసీపీ పాడైందని అతను నా దగ్గరకు వచ్చాడు. టీసీపీ మాట తప్పలేదు. ఎన్నడూ ఇవ్వని మాటను ఇచ్చిందని ఇతను అనుకున్నాడు. ప్రతి కొలతకూ ముందు దాని పొడవును రెండు బైట్లలో రాసి పంపితే సమస్య పోయింది. సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం పై పొర బాధ్యత. హెచ్‌టీటీపీ 1.1లో కంటెంట్ పొడవును చెప్పే హెడర్ ఉన్నది అందుకే.

ఇంకొకటి. టీసీపీ రసీదు వచ్చిందంటే అవతలి యంత్రపు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) బైట్లు అందుకుందని అర్థం. అప్లికేషన్ వాటిని చదివిందని గానీ, డేటాబేసులో రాసిందని గానీ అర్థం కాదు. కింది పొర ఎంత నమ్మకంగా ఉన్నా, అసలు పని పూర్తయిందో లేదో రెండు చివరల ఉన్న అప్లికేషన్లే తేల్చుకోవాలన్న ఈ వాదనను సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు 1980ల తొలినాళ్లలోనే వివరంగా రాశారు. డబ్బు బదిలీ వంటి పనులకు అప్లికేషన్ స్థాయిలో వేరే రసీదు ఉండవలసింది ఇందువల్లే. టీసీపీ ఉందిగా అని దాన్ని మానేసినవారి వ్యవస్థల్లో ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదు కావడం నేను చూశాను.

ఇంతవరకు చెప్పినది శుభ్రమైన చిత్రం. నిజంలో పొరల మధ్య గోడలకు కన్నాలున్నాయి, వాటిలో కొన్ని కావాలని పెట్టినవి. టీసీపీ చెక్‌సమ్‌నే తీసుకోండి. అది తన హెడర్‌నూ లోపలి సమాచారాన్నీ లెక్కించడంతో ఊరుకోదు. పంపినవారి ఐపీ చిరునామా, చేరవలసిన ఐపీ చిరునామా, ప్రోటోకాల్ అంకె, పొడవు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ప్యాకెట్ దారి తప్పి వేరే యంత్రానికి చేరితే పట్టుకోవడానికి అలా పెట్టారు. నాలుగో పొర మూడో పొర చిరునామాల మీద ఆధారపడిందన్నమాట. దీని ఫలితం తర్వాత నాట్ వచ్చినప్పుడు కనిపించింది: ఐపీ చిరునామా మార్చే పరికరం టీసీపీ చెక్‌సమ్‌ను కూడా సరిచేయక తప్పదు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ మరీ ఘోరం. దాని పాత పద్ధతిలో తన ఐపీ చిరునామాను, పోర్టును అప్లికేషన్ సందేశంలోనే అక్షరాలుగా రాసి పంపుతుంది. నాట్ హెడర్‌లో చిరునామా మార్చినా లోపలి అక్షరాల్లో పాతదే మిగులుతుంది. సర్వర్ ఆ చిరునామాకు తిరిగి కనెక్ట్ కావడానికి ప్రయత్నించి విఫలమవుతుంది. ఏఆర్‌పీని ఎన్నో పొర అనాలో కూడా ఎవరూ తేల్చలేదు. ఐపీ చిరునామాకు మ్యాక్ చిరునామాను వెతికిపెట్టే ఆ ప్రోటోకాల్ రెండు పొరల మధ్య వంతెన, అంతే.

కన్నాలన్నిటిలో నా జీవితంలో ఎక్కువ రాత్రులు మింగింది మాత్రం ప్యాకెట్ పరిమాణం. ఈథర్‌నెట్ ఫ్రేములో ఐపీ ప్యాకెట్‌కు మామూలుగా 1500 బైట్ల చోటుంటుంది. అందులో ఐపీకి 20, టీసీపీకి 20 పోగా 1460 బైట్ల సమాచారం పడుతుంది. ఒకసారి రెండు కార్యాలయాల మధ్య జీఆర్ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ను మరొక ఐపీ ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి) వేశాం. జీఆర్ఈ హెడర్ 4 బైట్లు, దాని బయట మరొక ఐపీ హెడర్ 20, మొత్తం 24. కాబట్టి టన్నెల్ గుండా 1476 బైట్ల ప్యాకెట్‌కే దారి. మర్నాటి నుంచి వింత ఫిర్యాదులు వచ్చాయి. లాగిన్ పేజీ వస్తోంది, లోపలి నివేదిక తెరిస్తే తిరుగుతూ ఉండిపోతోంది. దూరపు యంత్రంలో ఆదేశాలిచ్చే ఎస్ఎస్‌హెచ్ కలుస్తోంది, ఫైళ్లు ఎక్కువున్న ఫోల్డరు జాబితా అడిగితే తెర గడ్డకట్టుకుపోతోంది. పింగ్ మాత్రం చక్కగా వెళుతోంది. సర్వర్ నెమ్మదిగా ఉందని అందరూ తీర్మానించి, సర్వర్ చూసేవారి మీద పడ్డారు.

సర్వర్ మీద పట్టి చూస్తే బొమ్మ స్పష్టంగా ఉంది. చిన్న ప్యాకెట్లు వెళుతున్నాయి, రసీదులు వస్తున్నాయి. 1460 బైట్లతో నిండిన మొదటి సెగ్మెంట్ (టీసీపీ ఒకసారి పంపే ముక్క) బయలుదేరగానే అంతా ఆగిపోతోంది. అదే సెగ్మెంట్‌ను టీసీపీ ఒకసారి, దానికి రెట్టింపు వ్యవధి తర్వాత మరోసారి, ఆపైన ఇంకా రెట్టింపు వ్యవధి తర్వాత ఇంకోసారి, పట్టు వదలకుండా పంపుతూనే ఉంది. ఆ ప్యాకెట్ మీద ముక్కలు చేయవద్దన్న బిట్ ఉంది. అలాంటి పెద్ద ప్యాకెట్‌ను టన్నెల్ ముందున్న రూటర్ పారేసి, 1476కు మించి పట్టదని ఐసీఎంపీ ద్వారా సర్వర్‌కు తెలియజేయాలి. రూటర్ తెలియజేసింది కూడా. భద్రత పేరిట ఐసీఎంపీని మొత్తంగా ఆపేసిన ఫైర్‌వాల్ ఒకటి దారిలో ఆ కబురును మింగేసింది. నిర్ధారించుకోవడానికి ముక్కలు చేయవద్దన్న బిట్‌తో 1448 బైట్ల పింగ్ పంపాను, వెళ్లింది. ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే అది సరిగ్గా 1476. ఒక్క బైటు పెంచి 1449 పంపాను, చేరలేదు. ఫైర్‌వాల్‌లో ఆ రకం ఐసీఎంపీని అనుమతించేదాకా తాత్కాలికంగా రూటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ సమాచారాన్ని) 1436కు తగ్గించాం.

ఈ కేసులో ఏ పొర తప్పు చేసిందో ఆలోచించండి. ఐపీ చేరుస్తానని మాట ఇవ్వలేదు, చేర్చలేదు. టీసీపీ మళ్లీ పంపుతానంది, పంపింది. అప్లికేషన్ ఎదురుచూసింది. ప్రతి పొరా తన ఒప్పందం ప్రకారమే నడిచి, మొత్తం మీద పని చెడింది. కింది పొర పని ఎలా చేస్తుందో పై పొర పట్టించుకోనక్కరలేదన్న నియమానికి పరిమాణం లొంగదు. దారిలోని అన్నిటికంటే ఇరుకైన చోటు ఎంతో టీసీపీకి ఏదో ఒక విధంగా తెలియాలి. మేం వేసిన తాత్కాలిక మందు కూడా నియమానికి విరుద్ధమే. మూడో పొర పరికరమైన రూటర్ నాలుగో పొర హెడర్‌లో చెయ్యిపెట్టి అంకె మార్చింది. అది తప్పని తెలిసే చేశాం, ఇప్పటికీ అందరూ చేస్తారు.

టన్నెల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట. పొరల వరుస పుస్తకంలోలాగా ఎప్పుడూ కింది నుంచి పైకే ఉండదు. డేటా సెంటర్లలో వాడే వీఎక్స్‌ల్యాన్ ఒక పూర్తి ఈథర్‌నెట్ ఫ్రేమును తీసుకుని యూడీపీలో పెడుతుంది. దాని కింద ఐపీ, ఆ కింద మళ్లీ ఈథర్‌నెట్. రెండో పొర నాలుగో పొర మీద కూర్చుందన్నమాట. హామీల పరంగా చూస్తే ఇందులో వింత లేదు: ఫ్రేములను చేర్చే సేవ ఒకటి కావాలి, ఆ సేవను తీగ ఇచ్చినా యూడీపీ ఇచ్చినా ఒకటే. అయితే ఏ హామీ మీద ఏ హామీని పేరుస్తున్నామో చూసుకోవాలి. టీసీపీ కనెక్షన్‌ను మరొక టీసీపీ లోపలి టన్నెల్‌లో పంపితే, ఒక ప్యాకెట్ పోయినప్పుడు బయటి టీసీపీ మళ్లీ పంపే ప్రయత్నంలో ఉండగానే లోపలిది కూడా ఓపిక నశించి మళ్లీ పంపడం మొదలుపెడుతుంది. ఇద్దరూ ఒకే పనిని పోటాపోటీగా చేసి టన్నెల్‌ను ముంచేస్తారు. వీపీఎన్‌లకు యూడీపీని ఎక్కువగా ఎంచుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అలాగే ఒక ప్రోటోకాల్ దేని మీద నడుస్తోందో చూసి అది ఎన్నో పొరో నిర్ణయించడం కూడా పొరపాటే. దారులు తెలిపే ప్రోటోకాళ్లన్నీ చేసే పని ఇంచుమించు ఒకటే. బీజీపీ టీసీపీ 179 మీద నడుస్తుంది, రిప్ యూడీపీ 520 మీద నడుస్తుంది, ఓఎస్‌పీఎఫ్ నేరుగా ఐపీ మీద 89 అన్న అంకెతో నడుస్తుంది, ఐఎస్-ఐఎస్‌కు ఐపీ కూడా అక్కరలేదు, నేరుగా లింక్ పొర మీదే వెళుతుంది. ఇంటర్వ్యూలో ఓఎస్‌పీఎఫ్ ఎన్నో పొర అని అడిగితే మూడు అని చెప్పి, ఎందుకో ఒక వాక్యం జోడించండి. అడిగినవారికి విషయం తెలిస్తే ఆ వాక్యానికే మార్కులు వేస్తారు.

ఇదే దృష్టితో క్విక్‌ను కూడా చూడవచ్చు. 2021 మేలో ఆర్ఎఫ్‌సీ 9000గా వచ్చిన క్విక్ టీసీపీ చేసే పనినీ టీఎల్ఎస్ 1.3నూ ఒకటిగా అల్లుకుని యూడీపీ మీద నడుస్తుంది. హెచ్‌టీటీపీ 3 దాని మీద నడుస్తుంది. కొత్త ట్రాన్స్‌పోర్ట్ కావాలనుకుంటే నేరుగా ఐపీ మీద కొత్త అంకెతో పెట్టవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఎస్‌సీటీపీ 132 అన్న అంకెతో అలాగే వచ్చింది. కానీ టీసీపీ, యూడీపీ తప్ప మరేదీ ఎరగని నాట్ పరికరాలు, ఫైర్‌వాళ్లు ఎక్కడపడితే అక్కడ ఉండడంతో బహిరంగ ఇంటర్నెట్‌లో అది పెద్దగా పాకలేదు. క్విక్ యూడీపీ ముసుగులో వెళ్లి, తన ట్రాన్స్‌పోర్ట్ వివరాల్లో అధికభాగాన్ని కూడా గుప్తీకరించేసింది. రూటర్ ఎంఎస్ఎస్ అంకెను మార్చే మా పాత మందు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే మార్చడానికి అలాంటి అంకె బయటికి కనిపించదు. క్విక్ తన మొదటి ప్యాకెట్లను కనీసం 1200 బైట్లకు నింపి పంపి, ఆ దారి అంత పరిమాణాన్ని మోయగలదో లేదో మొదట్లోనే తేల్చుకుంటుంది.

చివరగా, పనిలో ఇది ఎలా వాడాలన్నారు. అన్నిటికంటే కింది పొర నుంచి ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పైకి రమ్మని చాలామంది చెబుతారు. నేను నడిమి నుంచి మొదలుపెడతాను. పోర్టుకు టీసీపీ కనెక్షన్ కుదిరిందంటే కింది పొరలు కనీసం చిన్న ప్యాకెట్లకు పనిచేస్తున్నాయి, కాబట్టి పైకి చూస్తాను. కుదరకపోతే కిందికి చూస్తాను. వెంటనే తిరస్కరణ వస్తే ప్యాకెట్ ఎవరికో చేరిందని, మౌనం ఎదురైతే దారిలో పోయిందని లేదా ఎవరో చప్పుడు లేకుండా పారేశారని అనుకుంటాను. చిన్నవి వెళ్లి పెద్దవి ఆగిపోతే పరిమాణం మీద అనుమానం పెట్టుకుంటాను.

ఈ పరిశీలనలో వైర్‌షార్క్ కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టించగలదు, ముందే చెబుతున్నాను. మీ సొంత యంత్రం నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్లలో 1500 దాటి, పదివేల బైట్లకు పైబడినవి కూడా కనిపించవచ్చు. టీసీపీ చెక్‌సమ్ తప్పని ఎర్రగా చూపవచ్చు. సెగ్మెంట్లుగా కోయడాన్నీ చెక్‌సమ్ లెక్కించడాన్నీ ఇప్పటి నెట్‌వర్క్ కార్డులు కెర్నల్ నుంచి తమ చేతుల్లోకి తీసుకున్నాయి, వైర్‌షార్క్ చూసేది ప్యాకెట్ కార్డు చేరకముందే. అంటే రెండో పొర పరికరం నాలుగో పొర పని చేస్తోంది. తీగ మీద నిజంగా ఏం వెళుతోందో చూడాలంటే స్విచ్‌లో మిర్రర్ పోర్టు (రాకపోకల నకలు ఇచ్చేది) పెట్టి వేరే యంత్రంతో పట్టండి. అది వీలుకాకపోతే లినక్స్‌లో ఎథ్‌టూల్ ఆదేశంతో ఆ ఆఫ్‌లోడ్ సదుపాయాలను కాసేపు ఆపి, మళ్లీ పట్టి, ఇంతకు ముందు చెప్పిన బైట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ వెళ్లండి.